ఏసీ అట్టపెట్టె మీద వంశవృక్షం

యుద్ధం గురించి చెప్పేవాళ్లంతా ముందు ట్యాంకుల గురించి చెబుతారు కాబట్టి నేనూ ఆ లాంఛనం పూర్తి చేస్తాను. నేను మొట్టమొదట చూసిన ట్యాంకు అల్ రాయ్‌లో కార్ల షోరూముల ముందున్న సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. ఎర్రలైటు పడిందని ఆగిందో, డీజిల్ అయిపోయి ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దాని మీద కూర్చున్న ఇరాకీ సిపాయి నన్ను సిగరెట్టు అడిగాడు. లేదన్నాను. జేబులో నిండు పెట్టె ఉంది. వాడు నా జేబు వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. ఇరాక్ సైన్యం వచ్చిపడ్డ ఆ ఆగస్టు నుంచి కువైట్‌లో అందరూ అందరితో ఇలాగే మాట్లాడుకున్నారు. లేదు అన్న ప్రతివాడి దగ్గరా ఉండేది. ఉంది అన్నవాడి దగ్గర ఏమీ ఉండేది కాదు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. రాయచోటి దగ్గర నుంచి వచ్చి అల్ రాయ్‌లో ఒక ఏసీల గోడౌన్‌లో మెకానిక్‌గా ఉన్నాను. మొదటి రెండు వారాల్లో మా కంపెనీలో పనిచేసే మలయాళీలు, ఈజిప్టువాళ్లు దొరికిన బండి పట్టుకుని వెళ్లిపోయారు. మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీ పడ్డ కువైటీ యజమాని, జులైలోనే సెలవులకు లండన్ వెళ్లాడు. మా పాస్‌పోర్టులు మిర్కాబ్‌లోని ఆయన ఆఫీసు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం లండన్‌లో ఉంది. కనుక మేం ముగ్గురం మిగిలాం: నేను, మా వంటాయన, మా స్టోర్‌కీపరు.

వంటాయనది కడప పక్కన ఒక పల్లె. యాభై దాటిన మనిషి. మా వైపు వాడు కాబట్టి నేను చిన్నాయనా అనేవాణ్ని. స్టోర్‌కీపరుది జగిత్యాల. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అనేవాణ్ని. ఈ ఇద్దరి మధ్యా ఒక విషయం ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే.

రెండేళ్ల కిందట అన్న కొత్తగా వచ్చినప్పుడు చిన్నాయన అతని బతాకా, అంటే ఇక్కడ సర్కారు ఇచ్చే గుర్తింపు కార్డు, చూశాడు. దానిమీద పేరు చదివి రెండు చేతులూ చాచాడు.

"ఒరే నువ్వు మా వంశమోడివిరా! మా పెద్దోళ్లు చెప్తాండ్రి, కరువులో ఒక అన్నదమ్ముడు ఉత్తరానికి పోయినాడంట. నువ్వు ఆ కొమ్మ."

"మా ఊర్లె గీ ఇంటిపేరోళ్లు నలభై ఇండ్లున్నరన్నా. కడప యాడుంటదో మా తాతకు సుత ఎర్కలేదు."

"మాది పెద్ద శాఖ, మీది చిన్న శాఖ," అన్నాడు చిన్నాయన, అతని మాట విననట్టుగా. గోత్రం అడిగితే ఇద్దరూ వేరువేరు చెప్పారు. చిన్నాయన అదీ విననట్టే ఊరుకున్నాడు. తనకు అక్కరలేని మాట వినకపోవడంలో ఆయన్ని మించినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఆ మరుసటేడు జగిత్యాలలో అన్న వాళ్ల నాయన పోయాడు. అన్నకు సెలవు దొరకలేదు. అతను ఒక పూట ఏడ్చి మర్నాడు స్టోర్‌కు వెళ్లాడు. చిన్నాయన మాత్రం పదిరోజులు మైల పాటించాడు. ఒకే ఇంటిపేరు కాబట్టి దాయాది మైల. గడ్డం తీయలేదు, చాప మీద పడుకున్నాడు, ముఖ్యంగా పొయ్యి ముట్టలేదు. మైలలో ఉన్నవాడు పదిమందికి వండి పెట్టకూడదట. పోయిందేమో జగిత్యాలలో ముసలాయన, పదిరోజులు ఎండు ఖుబ్జు రొట్టె, పెరుగు తిన్నదేమో అల్ రాయ్‌లో మేం పద్నాలుగుమంది. పదకొండో రోజు చిన్నాయన తలంటుకుని పప్పు చేశాడు. అన్న ఆ పప్పు తింటూ మళ్లీ ఏడ్చాడు. ఆ రోజు నుంచి అతను చిన్నాయనను 'పెద్దన్నా' అనడం మొదలుపెట్టాడు. నేను దాన్ని చూసి నవ్వాను. నవ్వడం నా ఉద్యోగం.

ఇక ఇంజినీరు సంగతి.

ఆగస్టు చివర్లో ఒక ఉదయం గోడౌన్ షట్టర్ ఎవరో గోరుతో గీకినట్టు చప్పుడైంది. ఎత్తి చూస్తే ఒక దిష్‌దాషా, అరబ్బులు తొడిగే తెల్లటి పొడుగు చొక్కా. అది మోకాళ్ల కింద జానెడు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి గులాబీ రంగు కాళ్లు, వాటి కింద బూట్లు. మా కంపెనీలో పెద్ద ఏసీ ప్లాంట్లు చూసే తెల్ల ఇంజినీరు. సల్వాలో ఆయన ఉండే బిల్డింగులోకి సిపాయిలు దిగారట. వెనక మెట్ల మీదుగా బయటపడి, పక్కింటి డ్రైవరు బట్టలు తొడుక్కుని నడిచి వచ్చాడు. ఆ వేషంలో ఆయన్ని చూసి కువైటీ అనుకోవాలంటే కళ్లతో పాటు చెవులు కూడా పనిచేయకూడదు, ఎందుకంటే దారి పొడవునా కనబడినవాడికల్లా ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ చెబుతూ వచ్చాడు.

రేడియోలో రోజూ హెచ్చరిక వస్తోంది. అమెరికా, ఇంగ్లండు లాంటి దేశాలవాళ్లను దాచినవాడికి ఉరి. దొరికిన తెల్లవాళ్లను బాగ్దాద్ తీసుకెళ్లి ఫ్యాక్టరీల దగ్గర, ఆనకట్టల దగ్గర కూర్చోబెడుతున్నారు, పైనుంచి బాంబులు పడకుండా.

"నాది అమెరికా కాదు, ఐర్లండు. మా దేశం ఎవరితోనూ యుద్ధం చేయదు. ఆ లిస్టులో మేం లేం," అన్నాడు ఇంజినీరు.

"మరైతే దాక్కోవడం దేనికి?" అన్నాను.

"సిపాయిలకు ఆ తేడా తెలుసో లేదో నాకు తెలియదు కదా."

"పాస్‌పోర్టు?"

"కఫీల్ బీరువాలో."

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుందంటే అది లోకధర్మం. తెల్లవాడి పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుండటం అప్పటిదాకా మేం వినలేదు. ఇంజినీరు తన బతాకా చూపించాడు. పేరు ఇంగ్లీషులోనూ ఉంది, దేశం పేరు మాత్రం అరబ్బీలోనే ఉంది. మాకు అరబ్బీ మాట్లాడటం వచ్చు, అదీ ట్రక్కు దించడానికి, టీ అడగడానికి సరిపోయేంత. చదవడం రాదు. ఆ కార్డు మీద ఐర్లండు అని ఉందో అమెరికా అని ఉందో మాకు తెలిసే దారి లేదు. పక్క గోడౌన్‌లో చదివేవాడు ఉన్నాడు కానీ వాడికి చూపించడమంటే చెప్పేసినట్టే.

అయినా చిన్నాయన తలుపు మూయలేదు. "లోపలికి రమ్మను. నిలబెట్టి మాట్లాడేది మన ఇంటా వంటా లేదు," అన్నాడు. అలా మా మెడలు నాలుగూ ఒకే తాడు కిందకి వచ్చాయి. ఏసీ పెట్టెల వరసల వెనక పరుపు వేశాం.

మా దగ్గర చిన్న ట్రాన్సిస్టరు ఉండేది. మధ్యాహ్నం భోజనం అయ్యాక లండన్ రేడియో, అమెరికా రేడియో పట్టి నేను తెలుగులో చెప్పేవాణ్ని. ఇంటర్‌లో ఇంగ్లీషు రెండో దఫాకి గట్టెక్కినవాణ్ని నేనొక్కణ్నే. ఒకరోజు వార్తల్లో అమెరికా సెనేటరు ఒకాయన మాట్లాడాడు. సైన్యాన్ని పంపాలి, లేకపోతే పరువు పోతుంది అని ఏదో అన్నాడు. ఆయన పేరు వినగానే నేను ఆగిపోయాను. ఇంజినీరు ఇంటిపేరు.

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. అది మోసేవాళ్లు లోకంలో లక్షలమంది ఉన్నారని తర్వాత తెలిసింది, వాళ్లలో ఒక్కడికి కోపం వచ్చినా నాకు ఎక్కువే.

ముగ్గురం మెల్లగా ఇంజినీరు వైపు తిరిగాం. ఆయన చారు తాగుతున్నాడు.

"మీ అన్నా?" అని అడిగాను.

"కాదు."

"తమ్ముడా?"

"నాకు ఆయన ఎవరో తెలియదు."

"యా ఇంటోడైనా సొంత అన్నను తెలీదంటాడా?" అన్నాడు చిన్నాయన తెలుగులో. "ఏదో ఉంది."

ఆ తర్వాతి వారం పది రోజుల్లో ఆ ఇంటిపేరు వాన చినుకుల్లా పడింది. నవంబరులో అక్కడ ఎన్నికలట, అందుకని ప్రతి వార్తలోనూ ఎవడో ఒక నాయకుడు. ఒక రాష్ట్రానికి గవర్నరు, ఆ ఇంటిపేరే. ఒక నగరానికి మేయరు, ఆ ఇంటిపేరే. కింది సభలో ఒకాయన యుద్ధం వద్దంటున్నాడు, ఆయనదీ అదే. ఒక జడ్జి, ఒక పోలీసు కమిషనరు. చివరికి ఒకచోట రెండు పార్టీల తరఫునా నిలబడ్డ ఇద్దరిదీ అదే ఇంటిపేరు. ఆ వార్త చెప్పినప్పుడు చిన్నాయన తొడ చరిచాడు.

"ఇప్పుడు తెలిసె! మా పక్క పెద్దిండ్లలో చేసేది ఇదే పని. అన్నను ఒక పార్టీలో, తమ్మున్ని ఇంగొక పార్టీలో పెడతారు. యా పార్టీ గెలిచినా కుర్చీ ఇంట్లోనే ఉంటాది. ఒగడు యుద్ధం కావాలంటాడు, ఒగడు వద్దంటాడు. యుద్ధం వచ్చినా వీళ్లదే గెలుపు, రాకపోయినా వీళ్లదే గెలుపు."

అమెరికా రాజకీయాల మీద తర్వాత నేను చాలా చదివాను. దీన్ని మించిన వివరణ ఎక్కడా దొరకలేదు.

ఇంజినీరు మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "నూటయాభై ఏళ్ల కిందట కరువొస్తే మా వాళ్లు సగంమంది ఓడలెక్కి అక్కడికి పోయారు. అక్కడ ఉద్యోగాలు ఇవ్వకపోతే ఎన్నికల్లో నిలబడ్డారు. మా ఊరి టెలిఫోన్ పుస్తకంలో ఈ పేరే పదకొండు పేజీలుంది. అందరూ నాకు బంధువులా?"

నేను తర్జుమా చేశాను. చిన్నాయన కళ్లు పెద్దవయ్యాయి. "పదకొండు పేజీల దాయాదులా! కరువులో కొమ్మ విడిపోయినారా! మా మాదిరే!" అన్నాడు అన్న భుజం తట్టి. ఆ పూట నుంచి ఇంజినీరు కంచంలో రెండు గరిటెలు ఎక్కువ పడేవి. చిన్నాయన లెక్క ప్రకారం ఆ ఇంటి పెద్దలు ఏదో ఒకరోజు తమ పిల్లవాడి కోసం విమానం పంపుతారు. తోక దగ్గరైనా మనకు చోటు దొరుకుతుంది.

"విమానం ఎక్కడ దిగుతుంది చిన్నాయనా, పక్కనున్న టైర్ల షాపు ముందరా?" అన్నాను.

"నీకంతా ఎగతాళే. గమ్మునుండు."

అన్నకు ఇంకో రకం అనుమానం. "గింత పెద్దింటోడైతే మనతోని గీ పప్పెందుకు తింటడు తమ్మీ? నాకైతే ఈన సీఐడీ లెక్క కొడుతున్నడు. పొద్దుగాల లేసి గోడకు చెవి ఆనిచ్చి ఏమో వింటడు."

నేను వెళ్లి చూశాను. ఇంజినీరు గోడకు చెవి ఆనించి నిజంగానే వింటున్నాడు. గోడ అవతల మా కంప్రెసరు నడుస్తోంది. "బేరింగు పోయేలా ఉంది," అన్నాడు. నేను ఆ మాట అన్నకు చెప్పాను. అన్న నమ్మలేదు. రెండు రోజులకు బేరింగు పోయింది. అప్పుడు అన్న, "సూసినవా, గంత పక్కాగ ఎట్ల ఎర్కయింది?" అన్నాడు.

ఇంత అనుమానం కళ్ల ముందు తిరుగుతుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు. పనీ లేదు. స్టాకు నంబర్లు వేసే లావుపాటి నల్ల పెన్ను ఒకటి దొరికింది. ఒక విండో ఏసీ అట్టపెట్టె పక్కభాగం మీద వంశవృక్షం గీశాను. పైన ఆ ఇంటిపేరు, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో. కింద గళ్లు కట్టి సెనేటరు, గవర్నరు, జడ్జి, మేయరు, అందరినీ వాళ్ల వాళ్ల పేర్లతో కూర్చోబెట్టాను. అట్టడుగున ఒక గడి, 'మా ఇంజినీరు'. అది చూసి ఇంజినీరుకు నవ్వొచ్చింది. మా గోడౌన్‌కు వచ్చాక మొదటిసారి. పెన్ను నా చేతిలోంచి తీసుకుని మేయరు పక్కన తనే ఇంకో గడి గీశాడు. అందులో ఏదో రాశాడు. రాసి, ఒక్క క్షణం చూసి, మొత్తం నల్లగా కొట్టేశాడు.

"ఏం రాశారు?"

"ఏమీ లేదు."

అన్న నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూడలేదు. ఆ పెట్టెను గోడవైపు తిప్పి పెట్టాం, మర్చిపోయాం. మర్చిపోయినవాణ్ని నేనే, వాళ్లిద్దరిదీ అందులో తప్పు లేదు.

సెప్టెంబరు నెల సగమైంది. మన ఎంబసీవాళ్లు పాస్‌పోర్టు లేనివాళ్లకు తెల్లకాగితం ఇస్తున్నారని, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సులు పోతున్నాయని తెలిసి మేం ముగ్గురం పేర్లు ఇచ్చి వచ్చాం. ఇంజినీరు బాగ్దాద్‌లోని వాళ్ల ఎంబసీ నుంచి కబురు కోసం చూస్తున్నాడు. ఇంకో వారం గడిస్తే చాలు.

ఆ వారంలో ఒక ఉదయం పది గంటలకు షట్టర్ ముందు మిలిటరీ ట్రక్కు ఆగింది. ఒక ఆఫీసరు, నలుగురు సిపాయిలు. వాళ్లు మనుషుల కోసం రాలేదు, ఏసీల కోసం వచ్చారు. ఊరంతా అదే పని జరుగుతోంది. దాక్కునే వ్యవధి లేక ఇంజినీరు పాత కంప్రెసరు ముందు కూర్చుని పానా పట్టుకున్నాడు. సిపాయిలు పెట్టెలు మోస్తున్నారు. మేం కూడా చెయ్యి వేశాం, తొందరగా పోతారని. మూడో వరసలో ఒక పెట్టె ఎత్తి తిప్పారు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు.

ఆయనకు ఇంగ్లీషు చదవడం వచ్చు. వేలు ఒక్కొక్క గడి మీదా పెట్టి చదివాడు. సెనేటరు. గవర్నరు. ఆ పేర్లు ఆయనకు తెలుసు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన కూడా మేం వినే రేడియోనే వింటాడు కాబోలు. వేలు అట్టడుగు గడి దగ్గర ఆగింది. తర్వాత ఆయన కంప్రెసరు ముందు కూర్చున్న గులాబీ మెడ వైపు చూశాడు.

"బతాకా."

ఇంజినీరు ఇచ్చాడు. ఆఫీసరు పైకి చదివాడు. "ఐర్లందా." మూడు వారాలుగా మా ప్రాణాలు తోడేసిన ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. కానీ అది నమ్మాల్సినవాడు ఇప్పుడు మేం కాదు.

"దొంగ కార్డు," అన్నాడు ఆఫీసరు అరబ్బీలో. "ఇక్కడ రాసి ఉందిగా. వీళ్లంతా ఒకే తెగ. వీడు ఆ సెనేటరు మనిషి. ఎవరు రాశారిది?"

నేనే అన్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ప్రతి పెద్ద సందర్భంలోనూ ఒక మాట పుల్ల విరిచినట్టు విసిరేవాణ్ని. ఆ రోజు ఒక్క మాట దొరకలేదు. ఇద్దరు సిపాయిలు ఇంజినీరు భుజాలు పట్టుకుని లేపారు. ఆయన చేతిలోని పానా కిందపడింది.

"సయ్యిదీ," అంటూ అన్న ముందుకొచ్చాడు. మా అందరిలో అరబ్బీ అతనికే బాగా వచ్చు. "ఈ పిల్లగాడు తమాషాకు గీశాడు. పేరు ఒకటైతే మనుషులు ఒకటి కారు."

"మా దగ్గర పేరు ఒకటైతే తెగ ఒకటే."

అన్న జేబులోంచి తన బతాకా తీసి ఇచ్చాడు. చిన్నాయన వైపు తిరిగి తెలుగులో, "పెద్దన్నా, నీది గూడ తియ్యి," అన్నాడు. చిన్నాయన తీసిచ్చాడు. ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే ఇంటిపేరు.

"అన్నదమ్ములా?"

చిన్నాయన భుజం మీది కండువా సర్దుకున్నాడు.

"కాదని చెప్పన్నా," అన్నాడు అన్న నెమ్మదిగా.

చిన్నాయన అతని మొహంలోకి చూశాడు. "ఎట్ల చెప్పేదిరా? మీ నాయనకు పదిదినాలు మైల ఉండినానే."

"చెప్పు పెద్దన్నా. గాయన పానం పోతది. మనది గూడ."

ఆఫీసరు చూస్తున్నాడు. సిపాయిలు చూస్తున్నారు. ఇంజినీరుకు ఏం జరుగుతోందో ఒక్క ముక్క అర్థం కాక అందరినీ చూస్తున్నాడు. చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.

"లా," అన్నాడు. కాదు అని.

"పెదనాన్న చిన్నాన్న పిల్లలా?"

"లా."

"ఒకే తెగా?"

ఇక్కడ చాలాసేపు పట్టింది. "లా," అన్నాడు. ఆ తర్వాత అవసరం లేకపోయినా, ఎవరూ అడగకపోయినా, తెలుగులో నేల వైపు చూస్తూ అన్నాడు. "వీనికీ నాకూ ఏం సంబంధం లేదు. వీడు యా ఊరోడో. పనికాడ కలిసినాం, అంతే."

ఆఫీసరుకు ఉత్సాహం వచ్చింది. ఇద్దరినీ దూరం దూరంగా నిలబెట్టి తాత పేరు, ఊరు, దేవుడి పేరు అడిగాడు. ఒక్కటీ కలవలేదు. ఒకరిది దక్షిణం, ఒకరిది ఉత్తరం, మధ్యలో ఒక రాత్రి, ఒక పగలు రైలు ప్రయాణం అని అన్న చెప్పాడు. ఆఫీసరు రెండు కార్డుల్నీ, అట్టపెట్టెనీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి సిపాయిలకు కనుసైగ చేశాడు. వాళ్లు ఇంజినీరు భుజాలు వదిలేశారు.

అప్పుడాయన, ఏదో ముఖ్యమైన సంగతి ఇంతసేపూ మరిచిపోయినట్టు, "వీడి పనేంటి?" అని అడిగాడు.

"ఏసీలు బాగుచేస్తాడు."

"నా గదిలో ఏసీ నీళ్లు కారుతోంది," అన్నాడు ఆఫీసరు. "యల్లా, పదండి."

ఇంజినీరును, పనిముట్లు మోయడానికి నన్ను, ట్రక్కులో ఎక్కించుకున్నారు. షట్టర్ దగ్గర నిలబడ్డ ఇద్దరూ ఒకరికొకరు నాలుగు గజాల దూరంలో ఉన్నారు. అంత దూరంలో వాళ్లు నిలబడటం నేను చూడటం అదే మొదలు. మమ్మల్ని తీసుకెళ్లింది ఒక బడికి. తరగతి గదిలో ఆఫీసరు మంచం. నీళ్లు పోయే పైపులో చెత్త అడ్డుపడింది, అంతే. పావుగంట పని. ఇంజినీరు దాన్ని రెండు గంటలు చేశాడు. మూత విప్పాడు, తిప్పాడు, నిట్టూర్చాడు, నన్ను అక్కర్లేని పానాలు అడిగాడు. బతికుండటానికి పనిమంతుడిలా కనబడటం ఎంత ముఖ్యమో ఆ రోజు నేర్చుకున్నాను.

ఆఫీసరు బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ నాతో అన్నాడు. "మా దేశంలో తెగ పేర్లు రాసుకోవద్దని పైవాళ్లు చెప్పారు. తండ్రి పేరు, తాత పేరు రాయాలి. ఎందుకో తెలుసా? రాస్తే కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఒకే ఊరివాళ్లని తెలిసిపోతుంది." చెప్పి చుట్టూ చూశాడు. గదిలో మేం తప్ప ఎవరూ లేరు. అయినా మళ్లీ చూశాడు. తర్వాత నావైపు అనుమానంగా చూశాడు, ఆ మాట అన్నది నేనే అన్నట్టు. సాయంత్రానికి మమ్మల్ని టమోటా గుజ్జు డబ్బాలు రెండిచ్చి దింపేశారు. వంశవృక్షం మాత్రం ఏసీతో పాటు వెళ్లిపోయింది. బస్రాలోనో బాగ్దాద్‌లోనో ఎవరింటి అటక మీదో ఇప్పటికీ ఉండొచ్చు.

మేం ప్రాణాలతో తిరిగొచ్చినందుకు చిన్నాయన సంతోషించాడు. డబ్బాలు చూసి ఇంకొంచెం సంతోషించాడు. కానీ వడ్డించేటప్పుడు అన్న కంచం ఒక్కటీ కొలతగా పెట్టాడు, హోటల్లో పెట్టినట్టు.

"పెద్దన్నా, గా ఆఫీసర్ ముంగట ఏదో అనవడితిమి," అన్నాడు అన్న.

"నలుగురి ముందర అన్న మాట అన్నట్టే. కాదన్నాక కాదు," అన్నాడు చిన్నాయన.

మరి ఇంటిపేరు ఒకటైతే చాలు తమ్ముడైపోతాడని ఇన్నాళ్లూ అన్నది ఎవరు అని నేనడిగాను. ఆయన ఖాళీ గిన్నెలు తీసుకుని కడగడానికి లేచాడు. ఆ తర్వాత బస్సు ఎక్కేదాకా వాళ్లిద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. ఎదురెదురుగా కూర్చుని, 'ఉప్పు తక్కువైందని చెప్పు తమ్మీ', 'సరిపోయిందని చెప్పురా' అనుకునేవాళ్లు. నేను ఒక్కోసారి మాట మార్చి చేరవేసేవాణ్ని. దానివల్ల లాభం లేకపోయింది.

నాలుగు రోజులకు ఇంజినీరుకు కబురొచ్చింది. వాళ్ల దేశం వాళ్లను ఒక వ్యానులో ఎక్కించి బాగ్దాద్ తీసుకెళుతున్నారట. అక్కడి నుంచి ఎటో. ఎక్కబోయే ముందు ఆయన చిన్నాయన చేతులు రెండూ పట్టుకుని ఊపాడు. నేను చివరి అవకాశం వదల్లేదు.

"ఆ గడిలో ఏం రాసి కొట్టేశారు?"

ఇంజినీరు చిరునవ్వు నవ్వాడు. "మా తాత తమ్ముడు ఒకాయన ఓడెక్కి అమెరికా పోయాడు. ఏదో ఊళ్లో కౌన్సిలరుగా గెలిచాడని ఒక ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఉత్తరాలు లేవు."

"అంటే ఆ మేయరు..."

"ఏమో," అని ఆయన వ్యాను ఎక్కాడు. ఇప్పటికీ ఆయన నన్ను ఆటపట్టించాడో నిజం చెప్పాడో తేల్చుకోలేకపోయాను. తర్వాత చాలా నెలలు ఇంగ్లీషు వార్తల్లో ఆ ఇంటిపేరు వినబడితే చెవి అటు పోయేది. బంధువును విడిపించుకున్నట్టు ఏ సెనేటరూ చెప్పలేదు. చెప్పకపోవడాన్ని చిన్నాయన అయితే రుజువు కింద తీసుకుంటాడు.

మేం బస్సులో బస్రా, బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దుకు చేరాం. ఎడారిలో గుడారాలు. వేలమంది. పగలు ఎండ మాడ్చేది, పొద్దుగూకితే చలి కొరికేది. ఒక గుడారం ముందు బల్ల వేసుకుని ఒకాయన పేర్లు పిలిచి దుప్పట్లు ఇస్తున్నాడు. మన హిందీ మాట్లాడే మనిషే. జాబితాలో పేరు చూసి ఇంటిపేరు మాత్రం గట్టిగా పిలిచాడు. చిన్నాయన, అన్న ఇద్దరూ ఒకేసారి లేచారు. లేచి, ఒకరినొకరు చూసుకుని, ఇద్దరూ మళ్లీ కూర్చున్నారు.

"ఎవరయ్యా? ఇద్దరున్నారే ఇక్కడ. ఒకే పేరు. అన్నదమ్ములా?" అన్నాడు ఆయన.

చిన్నాయన ఇసుక వైపు చూస్తున్నాడు. ఈసారి ఎవరి మెడ మీదా తాడు లేదు. తుపాకీ పట్టుకున్నవాడు లేడు. ఏ జవాబు చెప్పినా నష్టం లేదని నేననుకున్నాను.

"ఔ సార్," అన్నాడు అన్న లేచి నిలబడి. "గాయన మా పెద్దన్న. మాది చిన్న శాఖ."

చిన్నాయన తలెత్తలేదు. కండువా చివరతో ముక్కు తుడుచుకున్నాడు. చలికి అని నాకు చెప్పాడు. మిట్టమధ్యాహ్నం.

బల్ల దగ్గరాయన కాగితం మీద ఒక గీత కొట్టాడు. "ఒకే కుటుంబమైతే ఒకటే దుప్పటి. తర్వాతివాళ్లు రండి."

ఎవరూ కాదనలేదు. కాదనడం ఎంత కష్టమో ఒకసారి చూశాం కదా. మర్నాడు తెల్లారి లేచి చూస్తే అన్న గొంతుక్కూర్చుని ఇసుకలో వణుకుతున్నాడు. దుప్పటి ఆ కొస నుంచి ఈ కొస దాకా చిన్నాయన మీదే ఉంది. గురక పెడుతున్నాడు.

"లేపనా?" అన్నాను.

"వద్దు తమ్మీ," అన్నాడు అన్న, చలికి పళ్లు టకటకలాడుతుంటే. "పెద్ద శాఖ గద. పెద్ద వాటా."